తెలిసినవారికి ఒక హోటల్, తెలియనివారికి మరొకటా? పేటలోని పాత హోటల్ యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యజమానులకు, మేనేజరు గారికి, వంట మాస్టర్లకు, సర్వర్లకు,

నమస్కారం.

ఈ లేఖలో రాసేవి మీరు విననివి కావు. కౌంటరు పక్కన దారం కట్టి వేలాడదీసిన ఫిర్యాదుల పుస్తకంలో ఇవే సంగతులు చాలామంది రాశారు. పేజీలు నిండాయి గానీ ఒక్క ఫిర్యాదు కింద కూడా మీ తరఫున ఒక్క వాక్యం లేదు. ఉత్తరం రాసి చేతికిచ్చినవారికి "చూద్దాంలెండి" అన్న మాట దక్కింది. ఫోనులో రివ్యూ రాసినవారికైతే అందరికీ అచ్చుపోసినట్టు ఒకటే జవాబు: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, మళ్లీ దయచేయండి." చల్లారిన భోజనం గురించి రాసినవారికీ అదే, తప్పు బిల్లు గురించి రాసినవారికీ అదే, బాగుందని మెచ్చుకున్నవారికీ అదే. విడివిడిగా చెప్పినప్పుడు వినిపించలేదు కాబట్టి ఇప్పుడు నలుగురి ముందూ చెబుతున్నాం.

మీకు దక్కవలసిన గౌరవం మీకు దక్కాలి. హోటల్ తెరవడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. అమెరికాలోని కొలంబస్ నగర రెస్టారెంట్లను పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొత్తగా తెరిచినవాటిలో దాదాపు 26 శాతం ఏడాది తిరగకముందే మూతపడటమో చేతులు మారడమో జరిగిందని తేలింది. మూడేళ్లకి ఆ లెక్క 60 శాతం దాకా చేరింది. ఒకే పేరుతో ఊరూరా శాఖలు నడిపే ఏ పెద్ద గొలుసు సంస్థ అండా లేకుండా, సొంత పేరు మీద, ఒకే చోట తరం మారినా మీరు నిలబడ్డారు. అది చేతకానివారికి సాధ్యమయ్యే పని కాదు. చేతనైనవారు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాం.

నా సంగతి చెప్పాలంటే, మీ దగ్గర నాకు ఏ లోటూ జరగలేదు. గుమ్మంలో కనిపించగానే పేరు పెట్టి పలకరిస్తారు. కిటికీ పక్క టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఆగమని మీరే చెబుతారు. ఏది ఈ పూట బాగా కుదిరిందో, ఏది అడగకపోవడం మంచిదో సర్వర్ నా చెవిలో వేస్తాడు. ఆ చివరి మాట దగ్గరే నా అభ్యంతరం మొదలవుతుంది. కుదరలేదని మీకే తెలిసిన వంటకాన్ని నాకు వద్దని చెప్పి, మరి దాన్ని ఎవరికి వడ్డిస్తున్నారు?

ఒక ఆదివారం రాత్రి నేను చూసినది రాస్తాను. పక్కపక్కన రెండు టేబుళ్లు. ఒకదాని దగ్గర మీకు బాగా తెలిసిన కుటుంబం. రెండోదాని దగ్గర పేటలో కొత్తగా దిగిన దంపతులు, వాళ్లతో ఒక ముసలావిడ. రెండు టేబుళ్లవారూ కొద్ది నిమిషాల తేడాతో ఒకే వంటకం చెప్పారు. మొదటి టేబుల్‌కి వచ్చిన గిన్నె మూత తీయగానే ఆవిరి లేచింది. రెండో టేబుల్‌కి వచ్చిన గిన్నె అంచుల్లో నూనె గడ్డకట్టి ఉంది, పైన పొర కట్టింది. ముసలావిడ చెంచాతో ఆ పొరను పక్కకి జరిపి, ఏమీ అనకుండా తినబోయింది. కొడుకు ఊరుకోలేక సర్వర్‌ని పిలిచాడు. సర్వర్ గిన్నెను వేలితో తాకి, "వేడిగానే ఉంది కదండీ" అన్నాడు. మేనేజరు కౌంటరు దగ్గరి నుంచి లేవలేదు. ఆ తరువాత మీ హోటల్లో ఆ ముగ్గురినీ నేను చూడలేదు.

ఒక్క రాత్రి జరిగినదాన్ని పట్టుకుని ఇంత దూరం రాయడం లేదు. మీ గురించి బయట రాసినవన్నీ వరుసగా చదవండి. "ఇంతకన్నా మంచి హోటల్ ఈ చుట్టుపక్కల లేదు" అని ఒకరు రాస్తే, దాని కిందనే "జన్మలో మళ్లీ రాను" అని మరొకరు రాస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ చూసినది రెండు వేరు వేరు హోటళ్లను.

ఆ రెంటినీ కలిపి సగటు తీస్తే మీ రేటింగు 5కి మూడున్నర దగ్గర నిలుస్తుంది. మీరు దాన్ని చూసి "ఫరవాలేదు" అనుకుంటున్నారు. మూడున్నర ఎలా వచ్చిందన్నది ముఖ్యం. వచ్చినవారిలో సగం మంది 3, సగం మంది 4 ఇచ్చినా అదే వస్తుంది. సగం మంది 5, సగం మంది 2 ఇచ్చినా అదే వస్తుంది. మొదటి చోటికి వెళ్లేవారికి ఏం దొరుకుతుందో తెలుసు. రెండో చోటికి వెళ్లేవారు అదృష్టం మీద భారం వేసి వెళ్లాలి. మీది రెండో రకం. పైగా మీ దగ్గర అదృష్టం కూడా అందరికీ సమానంగా లేదు. 5 ఎవరికి దక్కుతుందో, 2 ఎవరి పాలవుతుందో కాసేపు కూర్చుని చూసేవారెవరైనా ముందే చెప్పగలరు. పరిచయస్థులు, పెద్ద బృందంగా వచ్చేవారు, రద్దీ లేని వేళ వచ్చేవారు ఒకవైపు. కొత్తవారు, ఒంటరిగా వచ్చేవారు, వృద్ధులు, పసిపిల్లలతో వచ్చేవారు, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చేవారు మరోవైపు.

సేవల నాణ్యతను జనం ఎలా కొలుస్తారన్న దానిపై పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు 1980లలో చేసిన పని ఈ రంగంలో ఇప్పటికీ ఆధారం. వారు గుర్తించిన అయిదు కొలమానాల్లో జనం అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చినది నమ్మకానికి, అంటే చెప్పినది చెప్పినట్టు ప్రతిసారీ చేయడానికి. గోడలకు కొత్త రంగు, మెత్తటి కుర్చీలు దాని తరువాతే. మీరు ఈ మధ్య ముందు గది మొత్తం కొత్తగా చేయించారు. వెనుక గదిలో ఏం మారిందో మాకు తెలియలేదు.

ఈ హెచ్చుతగ్గుల వల్ల మామూలు జనానికి జరుగుతున్నవి ఇవి:

1. కొత్తవారికి మొదటి రోజే అవమానం. చేతులు కడుక్కునే చోటు పక్కనున్న టేబుల్ ఒంటరిగా వచ్చినవారికే ఎందుకు ఇస్తారు? గది సగం ఖాళీగా ఉన్నా అక్కడే కూర్చోమంటారు. పక్కన నీళ్లు చిందుతుంటాయి, వచ్చిపోయేవారి మోచేతులు తగులుతుంటాయి. ఒంటరిగా తినేవారిలో చాలామంది ఇంట్లో వండిపెట్టేవారు లేనివారు, ఊరు విడిచి ఉద్యోగానికి వచ్చినవారు, జీవిత భాగస్వామి పోయాక పూటకింత బయట తినేవారు. వాళ్లు చెల్లించే డబ్బు చిన్నదే కావచ్చు. ఆ ఒక్క పూట మనుషుల మధ్య కూర్చుని తినడం వాళ్లకు మాత్రం చిన్న విషయం కాదు. పేటలో పాత హోటల్ అంటే అలాంటివారికి మొదటి పరిచయస్థుడు. ఆ పరిచయస్థుడే ముఖం తిప్పుకుంటే పేట మొత్తం ముఖం తిప్పుకున్నట్టే ఉంటుంది.

2. వేచి ఉండటంలో అన్యాయం. రద్దీ ఉన్న రోజు కాసేపు నిలబడటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. వరుసలో మూడో వ్యక్తిగా ఉన్నవారు, వెనుక వచ్చినవారు నవ్వుతూ లోపలికి వెళ్లిపోవడం చూస్తూ అక్కడే నిలబడటమే భరించలేనిది. డేవిడ్ మెయిస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో వరుసల్లో నిలబడే మనిషి మనసు గురించి రాసిన వ్యాసంలో చెప్పినవి మీ గుమ్మం ముందు రోజూ కనిపిస్తాయి. ఎంతసేపో తెలియని నిరీక్షణ ఎక్కువ అనిపిస్తుంది, కారణం చెప్పని నిరీక్షణ ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, అన్యాయమైనదీ అలాగే ఎక్కువ అనిపిస్తుంది. "పది నిమిషాలు" అని చెప్పి అరగంట నిలబెట్టే బదులు "నలభై నిమిషాలు పడుతుంది" అని మొదటే చెబితే మోకాళ్ల నొప్పులున్నవారు, ఆకలికి ఏడుస్తున్న పిల్లలున్నవారు వేరే దారి చూసుకుంటారు. అరగంట విరామంలో తినేసి పనికి పరుగెత్తాల్సినవారి మాట చెప్పనక్కర్లేదు. ఆలస్యమైతే వాళ్ల జీతం కోసుకుంటారు.

దీనికి పార్శిళ్లు తోడయ్యాయి. లోపల కూర్చున్నవారి ఆర్డర్ల కన్నా డెలివరీ యాప్ ఆర్డర్లు ముందు కదులుతున్నాయి. ఆ కంపెనీలు మీ దగ్గర ఎంత వసూలు చేస్తున్నాయో ఊహించగలం. కమీషన్లు 30 శాతం దాకా వెళ్లడంతో 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ నగరాలు డెలివరీ రుసుముకు 15 శాతం పరిమితి పెట్టవలసి వచ్చింది. మీ మీద ఒత్తిడి ఉంది, కాదనడం లేదు. కానీ ఆ ఒత్తిడిని మీ ఎదురుగా కూర్చున్నవారి కడుపు మీద పెట్టడం సరి కాదు. డెలివరీ కుర్రాళ్లను ఎండలో బయట నిలబెట్టడమూ సరి కాదు.

3. ఆరోగ్యం. ఈ లేఖలో అన్నిటికన్నా గట్టిగా అడుగుతున్నది ఇదే. రుచి తగ్గితే మళ్లీ రాకుండా ఊరుకుంటాం. తిన్నది వికటిస్తే ఆసుపత్రికి వెళ్తాం. కలుషిత ఆహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ మరణాల్లో లక్షా 25 వేలు అయిదేళ్ల లోపు పిల్లలవి. మీ దగ్గరికి వచ్చేవారిలో పిల్లలు, వృద్ధులు, గర్భిణులు ఉంటారు. వాళ్లకు రెండో అవకాశం ఇచ్చే తప్పు కాదిది.

అదే సంస్థ చెప్పిన సూత్రాలు ఏ చిన్న వంటశాలకైనా అందుబాటులో ఉన్నవే. వండేటప్పుడు లోపలి భాగం దాకా 70 డిగ్రీల సెల్సియస్ చేరాలి. వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టేది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. వండిన పదార్థం గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. మధ్యాహ్నం రద్దీకి వండినది మిగిలితే రాత్రి దాన్నే మళ్లీ మరిగించి వడ్డిస్తున్నారని మీ దగ్గర పనిచేసినవారే చెబుతున్నారు. మరిగిస్తే అన్నీ చస్తాయన్నది చాలా వంటశాలల్లో ఉన్న నమ్మకం. అది నిజం కాదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వంట వేడిని తట్టుకుంటాయి. పదార్థం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు కలిగించే దాని విషం తిరిగి మరిగించినా పోదు. కాబట్టి రాత్రి పొద్దుపోయాక వచ్చేవారి గిన్నెలోకి వెళ్లేది మధ్యాహ్నం ఎలా చల్లబడింది, ఎంతసేపు బయట ఉంది అన్నదే అసలు ప్రశ్న. ఆ వేళ వచ్చేవారు ఎవరు? రెండో షిఫ్టు ముగించినవారు, నర్సులు, డ్రైవర్లు, కాపలాదారులు. పక్కన మరో హోటల్ తెరిచి ఉండదని తెలిసినవారు.

4. అలర్జీ గురించి అడిగితే "ఏం కాదులెండి" అనడం. ఒక తల్లి తన బిడ్డకు పడని పదార్థం ఉందా అని అడిగినప్పుడు సర్వర్‌కి తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండా జవాబు చెప్పడం తప్పు. ఐరోపా యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు కూడా 14 రకాల అలర్జీ కారకాల గురించి తినేవారికి సమాచారం ఇవ్వాలన్న చట్టం అమలులో ఉంది. చట్టం ఎక్కడ ఎలా ఉన్నా బిడ్డ గొంతు వాపు ఎక్కడైనా ఒక్కటే. "లోపల కనుక్కుని వస్తాను" అన్న ఒక్క మాట చాలు.

5. బిల్లు. మెనూ కార్డులో ఒక ధర, దాని మీద అంటించిన చీటీలో మరొక ధర, బిల్లులో మూడోది. అడగని పదార్థం టేబుల్ మీద పెట్టి బిల్లులో కలపడం. కళ్లజోడు సవరించుకుంటూ బిల్లు చదువుతున్న పెద్దాయన పక్కన నిలబడి, ఆయన లెక్క ముగించకముందే డబ్బు కోసం చేయి చాచడం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. నెలకొక్కసారి కుటుంబాన్ని బయటికి తీసుకువెళ్లడానికి డబ్బు దాచుకునే ఇళ్లలో చిన్నవి కావు.

6. మీ సిబ్బంది. వాళ్లను తప్పుపట్టడానికి ఈ అంశం రాయడం లేదు. నలుగురు చేయవలసిన వడ్డన ఇద్దరు చేస్తున్నారు. పొద్దున వచ్చిన కుర్రాడు రాత్రి షట్టరు దించేదాకా కాళ్ల మీదే ఉంటాడు. మధ్యాహ్నం నవ్వుతూ పలకరించినవాడే రాత్రి విసుక్కుంటున్నాడంటే మారినది వాడి స్వభావం కాదు, వాడి ఒంట్లోని సత్తువ. "టిప్పు వస్తుంది కదా, బాగా చూసుకుంటారు" అన్నది యజమానులు తరచూ చెప్పే మాట. రెస్టారెంట్ల మీద జరిగిన అధ్యయనాలను కలిపి లిన్, మెకాల్ అనే పరిశోధకులు 2000లో చూస్తే, టిప్పు హెచ్చుతగ్గులకు సేవ బాగోగులతో ఉన్న సంబంధం చాలా స్వల్పమని, ఆ తేడాల్లో 2 శాతం కూడా సేవ వల్ల వచ్చినవి కావని తేలింది. టిప్పు వల్ల జరిగేదల్లా ఒక్కటే. ఎవరు ఎక్కువ ఇస్తారో ముఖం చూసి అంచనా కట్టి, వాళ్ల టేబుల్ చుట్టూ తిరగడం. అసమానత అక్కడే పుడుతోంది. జీతం సరిపోని మనిషిని సమదృష్టితో వడ్డించమని అడిగే హక్కు మనలో ఎవరికీ లేదు.

7. రివ్యూల మీద ఒత్తిడి. రేటింగులో తక్కువ చుక్కలు ఇచ్చినవారికి ఫోన్ చేసి తీసేయమని అడుగుతున్నారు. ఒకే వారంలో ఒకే ధోరణిలో పొగడ్తలు పుట్టుకొస్తున్నాయి. చదివేవారు అమాయకులు కారు. బోస్టన్ రెస్టారెంట్ల రివ్యూలను పరిశీలించి 2016లో ప్రచురించిన పరిశోధనలో లూకా, జెర్వాస్ అనే పరిశోధకులు చూపినది ఏమిటంటే, జనం రివ్యూలు రాసే యెల్ప్ అనే అమెరికా సైటు అనుమానాస్పదమని పక్కన పెట్టినవి దాదాపు 16 శాతం ఉన్నాయి, పేరు బలహీనపడిన రెస్టారెంట్లే ఎక్కువగా ఆ పనికి దిగుతాయి. దొంగ రివ్యూలు కొనడాన్ని, అమ్మడాన్ని, బెదిరించి రివ్యూలు తీయించడాన్ని నిషేధించే నిబంధన అమెరికాలో 2024 అక్టోబరు నుంచి అమలులో ఉంది. పొగడ్త కొనుక్కుంటే నష్టపోయేది దాన్ని నమ్మి దూరం నుంచి వచ్చే కుటుంబం.

"ఇన్నేళ్లుగా మా పేరే మా సాక్ష్యం" అంటారు మీరు. ఆ పేరు మీకన్నా మాకు ఎక్కువ అవసరం కాబట్టి ఇది వినండి. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో మైఖేల్ లూకా సియాటిల్ రెస్టారెంట్ల ఆదాయ లెక్కలను, యెల్ప్ రేటింగులను పక్కపక్కన పెట్టి 2011లో రాసిన పత్రం ప్రకారం, ఒక చుక్క పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుంది. ఆ ప్రభావం పడేది మీలాంటి సొంత హోటళ్ల మీదే. గొలుసు సంస్థల ఆదాయం చుక్కలను బట్టి కదలలేదు. ఎందుకంటే వాటిలో ఏం దొరుకుతుందో జనానికి ముందే తెలుసు. వాటి వంట గొప్పదని ఎవరూ వెళ్లరు, మోసపోమన్న ధీమాతో వెళ్తారు. మీ దగ్గర చేదు అనుభవం ఎదురైన కుటుంబం రేపటి నుంచి అక్కడికే వెళ్తుంది. అలా ఒక్కొక్కరూ వెళ్లిపోతే చివరికి మిగిలేది మీరు పేరు పెట్టి పలకరించే మా నలుగురం. మా నలుగురితో హోటల్ నడవదు. అది మూతపడితే పని పోయేది ఆ సర్వర్లకు, ఆ క్లీనర్లకు, మీకు పాలు, కూరగాయలు వేసే చిన్న వర్తకులకు. అక్కడ వచ్చేది మరో గొలుసు దుకాణం. దానికి ఈ పేటలో ఎవరి పేరూ తెలియదు.

నాలాంటి పాత కస్టమర్లకూ ఒక మాట. వరుసను దాటి లోపలికి రమ్మన్నప్పుడు మనం వెళ్లకూడదు. "మాకు ఎప్పుడూ బాగానే ఉందే" అని ఎదుటివారి ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. మనకు బాగుండటమే వాళ్ల ఫిర్యాదు.

మా డిమాండ్లు ఇవి. వీటిలో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు.

1. గుమ్మం దగ్గర టోకెన్ లేదా పేర్ల పలక పెట్టండి. వచ్చిన వరుసలోనే పిలవండి. మినహాయింపు వృద్ధులకు, వికలాంగులకు, గర్భిణులకు, పసిబిడ్డలున్నవారికి మాత్రమే. ఆ మినహాయింపును కూడా పలక మీద రాయండి, అప్పుడు ఎవరూ తప్పుపట్టరు. ఎంతసేపు పడుతుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

2. వంటశాలలో ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు పెట్టి, ఏ పదార్థం ఎప్పుడు వండారు, ఎప్పుడు ఫ్రిజ్‌లోకి వెళ్లింది, ఎన్ని డిగ్రీలు ఉంది అన్నది రోజూ రాయండి. ప్రమాదం ఎక్కడ పుట్టవచ్చో ముందే గుర్తించి అక్కడ కొలిచి రాసుకునే ఈ పద్ధతి 1960లలో నాసా, పిల్స్‌బరీ అనే ఆహార కంపెనీ కలిసి వ్యోమగాముల ఆహారం కోసం రూపొందించినది. హాసప్ అనే పేరుతో ఇప్పుడు ప్రపంచమంతటా వంటశాలలు దీన్ని పాటిస్తున్నాయి. మీకు కావలసినది ఒక థర్మామీటరు, ఒక నోటు పుస్తకం, రోజూ సంతకం పెట్టే ఒక బాధ్యుడు. మిగిలిన పదార్థాన్ని లోతు తక్కువ పళ్లాల్లో పోసి త్వరగా చల్లార్చండి. రెండు గంటలు దాటి బయట ఉన్నది ఎంత నష్టమైనా పారేయండి.

3. చివరి తనిఖీ నివేదికను, లైసెన్సును బయటి నుంచి కనిపించేలా అంటించండి. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ కౌంటీలో 1998 నుంచి, న్యూయార్క్ నగరంలో 2010 నుంచి శుభ్రత గ్రేడును గుమ్మం దగ్గరే చూపించాలన్న నిబంధన ఉంది. దాచవలసినది లేనివారికి ఇది ఉచితంగా దొరికే ప్రచారం.

4. ప్రతి వంటకంలో ఏయే అలర్జీ కారకాలు ఉన్నాయో ఒక పట్టిక తయారుచేసి సర్వర్లందరికీ ఇవ్వండి. తెలియకపోతే లోపల అడిగి చెప్పాలన్నది నియమం చేయండి.

5. ఒకే మెనూ, ఒకే ధర, అదనపు రుసుములేమైనా ఉంటే ఆర్డరుకు ముందే. అడగనిది టేబుల్ మీదికి రాకూడదు.

6. వెనక్కి పంపిన వంటకం గురించి వాదించకండి. తీసుకెళ్లి కొత్తది తెండి, లేదా బిల్లులోంచి తీసేయండి. ఆ నిర్ణయం తీసుకునే అధికారం మేనేజరును పిలవనవసరం లేకుండా సర్వర్‌కే ఇవ్వండి. గిన్నె ఎందుకు వెనక్కి వచ్చిందో రోజూ రాసుకుంటే, తప్పు ఏ పూట, ఏ పొయ్యి దగ్గర, ఏ షిఫ్టులో జరుగుతోందో నెల తిరగకుండా మీకే తెలుస్తుంది.

7. సిబ్బందికి విరామం, వారానికి సెలవు, టిప్పు మీద ఆధారపడనవసరం లేని జీతం ఇవ్వండి. దానికోసం ధరలు కొంత పెంచవలసి వస్తే కారణం రాసి పెంచండి. మేం చెల్లిస్తాం. ఎవరికో చల్లారినది పెట్టి మిగుల్చుకున్న డబ్బుతో నాకు వేడివేడిగా వడ్డించడం కన్నా అది న్యాయం.

8. రివ్యూలు తీయించడం, రాయించడం ఆపండి. ప్రతి ఫిర్యాదుకూ విషయాన్ని ప్రస్తావిస్తూ, ఏం చేశారో చెబుతూ జవాబు రాయండి. ఫిర్యాదు తప్పయితే తప్పని మర్యాదగా చెప్పండి. అదీ జవాబే.

ఈ ఎనిమిదింటిలో వేటిని ఒప్పుకుంటున్నారో, వేటిని ఎందుకు ఒప్పుకోలేరో నెల రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. అన్నీ ఒక్కసారే జరగవని తెలుసు. టోకెన్ల పలకకు, థర్మామీటరుకు, అలర్జీ పట్టికకు మాత్రం నెల అక్కర్లేదు, వారం చాలు. గడువులోగా జవాబు రాకపోతే ఆహార భద్రతకు, బిల్లులకు సంబంధించిన అంశాలను తేదీలతో, సాక్ష్యాలతో తనిఖీ అధికారులకు, వినియోగదారుల సంఘాలకు పంపుతాం. మిగిలినవాటి గురించి మీతో, మీ సిబ్బందితో కూర్చుని మాట్లాడటానికి మేం సిద్ధంగా ఉన్నాం. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఏ రోజైనా సరే, వేళ మీరే చెప్పండి. ఆ సమావేశానికి ఆలస్యంగా వచ్చి తినే షిఫ్టు కార్మికులనూ, పేటకు కొత్తగా వచ్చినవారినీ కూడా పిలవాలన్నది మా షరతు.

ఇట్లు,
మీ హోటల్ పాత కస్టమర్, పేటవాసుల తరఫున